కెర్నల్‌లో షెడ్యూలర్ మార్చాలా, వద్దా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

లైనక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) డిఫాల్ట్ షెడ్యూలర్, అంటే ఏ ప్రోగ్రామ్‌కి ఎప్పుడు సీపీయూ ఇవ్వాలో నిర్ణయించేది, మారిన సంగతి ఈ మధ్య ఈ శీర్షికలో రెండు ముక్కల్లో ప్రస్తావించి వదిలేశాం. అది సరిపోలేదని మీ ఉత్తరాలు చూశాక అర్థమైంది, అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కాబట్టి అందరివీ ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: సార్, మా ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో లైనక్స్ షెడ్యూలర్ అంటే సీఎఫ్ఎస్ అని చెప్పారు. రికార్డులో కూడా అదే రాశాను. క్యాంపస్ ఇంటర్వ్యూలో అదే చెబితే "ఇప్పుడు అది లేదు కదమ్మా" అన్నారు. తప్పు పుస్తకానిదా, నాదా? కొత్తదాంట్లో అసలు ఏం మారింది? (ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ)

తప్పు మీది కాదమ్మా. సీఎఫ్ఎస్ (కంప్లీట్లీ ఫెయిర్ షెడ్యూలర్) 2007 అక్టోబరులో 2.6.23 వెర్షన్‌తో వచ్చి సరిగ్గా పదహారేళ్లు డిఫాల్ట్‌గా ఉంది. 2023 అక్టోబరు చివర్లో 6.6 వచ్చినప్పుడు ఆ స్థానంలోకి ఈఈవీడీఎఫ్ వచ్చింది, పూర్తి పేరు ఎర్లియెస్ట్ ఎలిజిబుల్ వర్చువల్ డెడ్‌లైన్ ఫస్ట్. పేరు చూసి కంగారు పడొద్దు, ఆలోచన చాలా సులువు. ఇంకో మాట, ఇదేమీ నిన్న మొన్న పుట్టింది కాదు. 1995లోనే అయాన్ స్టోయికా, హుస్సేన్ అబ్దెల్ వహాబ్ అనే ఇద్దరు పరిశోధకులు కాగితం మీద పెట్టారు, దాన్ని లైనక్స్‌లోకి తెచ్చింది పీటర్ జైల్‌స్ట్రా.

మీ కాలేజీ గేటు ఎదురుగా ఉండే జిరాక్స్ షాపు గుర్తు తెచ్చుకోండి. రికార్డులు సబ్మిట్ చేసే వారం, మెషీన్ ఒక్కటే, జనం పదిమంది. ఒకరి చేతిలో రెండొందల పేజీల పుస్తకం, ఇంకొకరికి ఆధార్ కార్డు ఒక్క కాపీ చాలు. షాపతను న్యాయంగా ఉండాలనుకుని, "ఇప్పటిదాకా ఎవరికి తక్కువ పేజీలు తీశానో వాళ్లకే ముందు" అని లెక్క పెట్టుకున్నాడనుకోండి, అది సీఎఫ్ఎస్. ఒక్కో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఎంతసేపు సీపీయూ వాడుకుందో దాని వెయిట్‌ని, అంటే ప్రాధాన్యాన్ని బట్టి లెక్కగట్టి, అందరికంటే తక్కువ వాడుకున్నదాన్ని పిలుస్తుంది. ఎవరికి ఎంత దక్కాలన్న విషయంలో దీనికి వంక పెట్టలేం. కానీ ఎవరికి ఎప్పుడు దక్కాలన్న మాట దీనికి తెలియదు. ఒక్క కాపీ కావలసిన మనిషి "నాకు ఎక్కువ వద్దు, త్వరగా ఇవ్వండి చాలు" అని చెప్పుకోవడానికి దారే లేదు. ఆ లోటు కప్పడానికి ఏళ్ల తరబడి సీఎఫ్ఎస్‌లో రకరకాల అంచనాలు, అతుకులు చేరాయి, నిద్ర లేచిన ప్రాసెస్‌కి కాస్త ముందు చోటివ్వడం లాంటివి. ఒకరికి మేలు చేసిన అతుకు ఇంకొకరికి ఇబ్బందయ్యేది.

ఈఈవీడీఎఫ్ రెండు లెక్కలు విడివిడిగా పెట్టుకుంటుంది. మొదటిది బాకీ. ఇంగ్లీషులో దీన్ని ల్యాగ్ అంటారు గానీ బాకీ అంటేనే మనకు బాగా తలకెక్కుతుంది. న్యాయంగా ఒక ప్రాసెస్‌కి రావలసిన సమయం లోంచి వచ్చిన సమయం తీసేస్తే మిగిలేది అదే. బాకీ సున్నా గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అది పిలుపుకి అర్హురాలు. అప్పటికే అడ్వాన్సు వాడేసుకున్నదైతే ఆగాల్సిందే. రెండో లెక్క డెడ్‌లైన్, ఇప్పటిదాకా వాడుకున్న లెక్కకి ఈసారి కావలసిన స్లైస్ (ఒక విడత సమయం) కలిపితే వచ్చేది. అర్హత ఉన్నవాళ్లలో ఎవరి డెడ్‌లైన్ దగ్గర్లో ఉందో వాళ్లకే ముందు.

అంకెల్లో చూద్దాం. ఒక్క కోర్, సమాన వెయిట్ ఉన్న మూడు ప్రాసెస్‌లు, పన్నెండు మిల్లీసెకన్లు గడిచాయి. న్యాయంగా ఒక్కోదానికి 4 రావాలి. ఏ కి 6 వచ్చింది, బీ కి 4, సీ కి 2. అంటే ఏ రెండు మిల్లీసెకన్లు అడ్వాన్సులో ఉంది, బీ లెక్క సరిపోయింది, సీ కి మనం రెండు బాకీ. ఏ పక్కకు తప్పుకోవాలి, బీ కీ సీ కీ అర్హత ఉంది. ఇక్కడ సీఎఫ్ఎస్ అయితే కళ్లు మూసుకుని సీ ని పిలుస్తుంది. ఈఈవీడీఎఫ్ "ఈసారికి నీకెంత స్లైస్ కావాలి" అని చూస్తుంది. బీ కి ఒక్క మిల్లీసెకను స్లైస్, సీ కి నాలుగు మిల్లీసెకన్ల స్లైస్ అనుకుందాం. బీ డెడ్‌లైన్ 4కి 1 కలిపితే 5, సీ ది 2కి 4 కలిపితే 6. బీ కే పిలుపు వస్తుంది! తన ఒక్క మిల్లీసెకను వాడుకోగానే బీ అడ్వాన్సులోకి జారిపోతుంది కాబట్టి వెంటనే సీ వంతు. సీ కి రావలసిందేమీ తగ్గలేదు, బీ కి వాటా పెరగలేదు, వరస మాత్రం మారింది. ఒక్క కాపీ మనిషి రెండొందల పేజీల మనిషి హక్కు లాక్కోకుండానే ముందు వెళ్లిపోయాడు. నాకు ఈ ఆలోచన చదివిన రోజున కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఈసారి ఇంటర్వ్యూలో అడిగితే ఇంకో మాట కూడా చెప్పండి. సీఎఫ్ఎస్ మొత్తం కొట్టేసి మొదటి నుంచి రాయలేదు. వీరన్‌టైమ్ (వెయిట్‌ని బట్టి వాడకం) లెక్క, ప్రాసెస్‌లను వరసలో ఉంచే రెడ్ బ్లాక్ ట్రీ, నైస్ (ప్రాధాన్యం పెంచే, తగ్గించే అంకె) వెయిట్‌లు అన్నీ అలాగే ఉన్నాయి, కోడ్ ఉన్న ఫైలు పేరు ఈరోజుకీ ఫెయిర్ డాట్ సీ యే. తర్వాత ఎవరిని పిలవాలన్న నిర్ణయం మారింది, ఆ పాత అంచనాలు పోయాయి. మీరు నేర్చుకున్నదాంట్లో ముప్పాతిక భాగం ఇప్పటికీ చెల్లుతుంది. రియల్ టైమ్ ప్రాసెస్‌ల కోసం ఉన్న ఫిఫో, రౌండ్ రాబిన్, డెడ్‌లైన్ తరగతులు వేరు, వాటి జోలికి ఈ మార్పు పోలేదు.

ప్రశ్న: ఫోన్‌లో కూడా లైనక్స్ కెర్నలే కదా, అందులో షెడ్యూలర్ మార్చుకుంటే బ్యాటరీ ఎక్కువ వస్తుందా? (ఖమ్మం)

ఫోన్ కెర్నల్‌ని కంపెనీ తన చిప్‌కి తగ్గట్టు సిద్ధం చేసి, లాక్ చేసి ఇస్తుంది. చిన్న కోర్లు, పెద్ద కోర్లు కలిసి ఉండే ఫోన్‌లో ఏ పని ఏ కోర్ మీద వేస్తే ఎంత కరెంటు ఖర్చవుతుందన్న లెక్క కూడా షెడ్యూలర్ చేతిలోనే ఉంటుంది. కస్టమ్ కెర్నల్ ఎక్కించి ఆ లెక్క చెడగొడితే బ్యాటరీ తగ్గే అవకాశమే ఎక్కువ. వద్దండీ.

ప్రశ్న: ఇంటి నుంచే పని. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారాను. బిల్డ్ (ప్రోగ్రామ్ కంపైల్) పెట్టి వీడియో కాల్‌లో కూర్చుంటే గొంతు తెగిపోతోందని అవతలివాళ్లు అంటున్నారు. కొత్త షెడ్యూలర్ వల్లే అని ఫ్రెండ్స్ చెబుతున్నారు. పాత షెడ్యూలర్‌కి వెళ్లిపోవచ్చా? (హైదరాబాద్)

కాలం లెక్క చూస్తే అనుమానం రావడం సహజమే. 22.04 వచ్చినప్పుడు కెర్నల్ 5.15, అంటే సీఎఫ్ఎస్. 24.04 వచ్చింది 6.8తో, అంటే ఈఈవీడీఎఫ్. కానీ ఆ అప్‌గ్రేడ్‌లో ఆడియో సర్వర్ మారింది, డ్రైవర్లు మారాయి, డెస్క్‌టాప్ మారింది. వాటన్నిటినీ వదిలేసి షెడ్యూలర్ని ఒక్కదాన్నే బోనెక్కించే ముందు రెండు నిమిషాలు పెట్టి చూడండి.

మొదట, బిల్డ్ నడుస్తుండగా ప్రోక్ డైరెక్టరీలో ప్రెషర్ అనే ఫోల్డర్ తెరవండి. అందులో సీపీయూ, మెమరీ, ఐఓ (డిస్కు రాతకోతలు) అనే ఫైళ్లుంటాయి. ఒక్కొక్కటి తెరిస్తే గత పది సెకన్లలో పనులు దేనికోసం ఎంత శాతం సమయం ఆగిపోయాయో కనబడుతుంది. మెమరీ అంకె పైకి ఎగబాకుతుంటే మీ జబ్బు షెడ్యూలర్ కాదు, ర్యామ్ చాలక స్వాప్‌లోకి (డిస్కు మీది తాత్కాలిక చోటులోకి) పోతోంది, దానికి ఏ షెడ్యూలరూ మందు కాదు. నాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే, ఎనిమిది కోర్ల మెషీన్‌లో పదహారు కంపైల్ పనులు ఒకేసారి వదిలేస్తారు, ఒక్కోటీ జీబీ చొప్పున తినేస్తుంది.

సీపీయూ అంకె మాత్రమే ఎక్కువగా ఉంటే, వీడియో కాల్ ప్రాసెస్ నంబరు పట్టుకుని ప్రోక్‌లో ఆ నంబరు ఫోల్డర్‌లోని షెడ్‌స్టాట్ ఫైలు చూడండి. మూడంకెలుంటాయి. మొదటిది సీపీయూ మీద గడిపిన సమయం, రెండోది సిద్ధంగా ఉండి కూడా వరసలో ఎదురుచూసిన సమయం, రెండూ నానోసెకన్లలో. మూడోది ఎన్నిసార్లు వంతు వచ్చిందన్నది. ఆ ఫైలు చూపేది మెయిన్ థ్రెడ్ (ప్రాసెస్ లోపలి ప్రధాన పాయ) ఒక్కదాని లెక్కే. గొంతు మోసే థ్రెడ్ వేరుగా ఉంటుంది కాబట్టి అదే ఫోల్డర్‌లో టాస్క్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లి ఒక్కో థ్రెడ్‌దీ చూడాలి. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చూసి రెండో అంకె ఎంత పెరిగిందో తీసివేయండి. అది గట్టిగా పెరుగుతుంటే నిజంగానే మీ గొంతు క్యూలో నిలబడి ఉంది.

అప్పుడు కూడా షెడ్యూలర్ మార్చాల్సిన పని లేదు, బిల్డ్‌కి నైస్ 19 ఇవ్వండి. నైస్ సున్నా వెయిట్ 1024, నైస్ 19 వెయిట్ 15. రెండూ ఒకే కోర్ కోసం పోటీ పడితే బిల్డ్‌కి దక్కేది నూటికి ఒకటిన్నర కూడా ఉండదు, మిగతా సమయంలో కోర్ ఖాళీగా ఉంటే మాత్రం మొత్తం అదే వాడుకుంటుంది. ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటొకటి ఉంది. ఇప్పటి డెస్క్‌టాప్‌లలో ఒక్కో అప్లికేషన్ ఒక్కో సీగ్రూప్‌లో (ప్రాసెస్‌ల గుంపులో) ఉంటుంది, నైస్ అంకె ఆ గుంపు లోపలి పోటీకే పనిచేస్తుంది. టెర్మినల్ ఒక గుంపు, బ్రౌజర్ ఇంకో గుంపు అయితే మీరు నైస్ ఎంత పెట్టినా గుంపుల మధ్య వాటా మారదు. నైస్ పెట్టాక కూడా తేడా కనబడకపోతే సిస్టమ్‌డీ రన్ అనే కమాండ్‌తో బిల్డ్‌ని వేరే స్కోప్‌లో (విడి గుంపులో) నడిపి, దాని సీపీయూ వెయిట్ 20కి తగ్గించండి. మామూలుగా అందరికీ ఉండేది 100.

ఇక పాత షెడ్యూలర్‌కి వెళ్లడం గురించి. 6.6 తర్వాతి కెర్నల్‌లో సీఎఫ్ఎస్‌ని ఆన్ చేసే స్విచ్ ఏదీ లేదు. పాత కెర్నల్ ఎక్కించాలి, దాంతోపాటు సెక్యూరిటీ మరమ్మతులు వచ్చే ఏర్పాటూ చూసుకోవాలి. గొంతు తెగడానికి అంత దూరం వెళ్లకండి.

ప్రశ్న: డేటాబేస్ సర్వర్లు చూసుకుంటాను. 5.15 నుంచి 6.8కి మారాక ట్రాన్సాక్షన్లు తగ్గాయి. మేం ఎప్పటినుంచో వాడే షెడ్యూలర్ ట్యూనింగ్ స్క్రిప్ట్ ఉంది, అది నడుస్తూనే ఉంది. ఇంకేం చూడాలి? ఆఫీసులో టెన్షన్‌గా ఉంది. (విశాఖపట్నం)

ముందు ఆ స్క్రిప్ట్‌నే చూడండి, అది నిజంగా నడుస్తోందా అని. నేను పనిచేసిన ఒక చోట ఇలాంటిదే ఒక స్క్రిప్ట్ ఉండేది. మినిమమ్ గ్రాన్యులారిటీ, వేకప్ గ్రాన్యులారిటీ అనే షెడ్యూలర్ అంకెల్ని సిసిటిఎల్‌లో (కెర్నల్ సెట్టింగులు మార్చే చోటు) రాసేది, ఎర్రర్లు వస్తే చెత్తబుట్టలోకి పంపేది. కెర్నల్ 5.13లో ఆ మీటలన్నీ సిసిటిఎల్ నుంచి డీబగ్ ఎఫ్ఎస్‌కి (డెవలపర్లు లోపాలు వెదకడానికి వాడే ఫోల్డర్లు) వెళ్లిపోయాయి. మేం అప్‌గ్రేడ్ చేసిన రోజు నుంచీ ఆ స్క్రిప్ట్ లేని ఫైలులో రాయబోయి విఫలమవుతూనే ఉంది, మూడు నెలలు ఎవరం గమనించలేదు. "ట్యూనింగ్ ఉందిగా" అన్న ధీమాతో డిస్కుల మీద అనుమానపడుతూ కూర్చున్నాం. మీరు దిగింది 5.15 నుంచే కాబట్టి అక్కడ కూడా అది పనిచేసిందో లేదో నాకు అనుమానమే. ఇక 6.6లో ఆ మీటలు స్థలం మారడం కాదు, లేకుండానే పోయాయి. వాటన్నిటి స్థానంలో బేస్ స్లైస్ ఒక్కటే ఉంది, 6.8లో దాని మూల విలువ 0.75 మిల్లీసెకను, ఎనిమిది గానీ అంతకు మించి గానీ కోర్లుంటే నాలుగింతలై 3 మిల్లీసెకన్లవుతుంది.

తర్వాత, మీ అనుభవం మీ ఒక్కరిది కాదు. కొత్త షెడ్యూలర్‌తో మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ వేగం తగ్గిందని అమెజాన్ ఇంజనీర్లు కూడా కెర్నల్ వాళ్ల దృష్టికి తెచ్చారు. ప్లేస్ ల్యాగ్, రన్ టు ప్యారిటీ అనే రెండు ఫీచర్లను ఆపితే మెరుగుపడిందని చెప్పారు, వాటిని ఆపే మీట సిసిటిఎల్‌లో ఉండాలని ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) కూడా పంపారు. ప్లేస్ ల్యాగ్ అంటే నిద్రపోయి లేచిన ప్రాసెస్ తన పాత బాకీని, అడ్వాన్సుని వెంటబెట్టుకుని రావడం. రన్ టు ప్యారిటీ అంటే నడుస్తున్నదాన్ని మధ్యలో లేపకుండా కాసేపు సాగనివ్వడం. ఈ రెండూ డీబగ్ ఎఫ్ఎస్‌లో షెడ్ ఫోల్డర్‌లోని ఫీచర్స్ ఫైలులో ఉంటాయి, పేరు ముందు నో చేర్చి రాస్తే ఆగిపోతాయి, రీబూట్ చేస్తే మళ్లీ మొదటికి వస్తాయి.

టెస్ట్ సర్వర్‌లో ఒక్కోటి విడిగా ఆపి కొలవండి. రెండూ ఒకేసారి ఆపితే ఏది పనిచేసిందో తెలియదు. డేటాబేస్ ప్రాసెస్‌ని బ్యాచ్ పాలసీలో నడిపి కూడా చూడండి. బ్యాచ్ అంటే అది నిద్ర లేచినప్పుడల్లా నడుస్తున్నవాళ్లను లేపి కూర్చోవడానికి చూడదు, థ్రెడ్‌లు వందల్లో ఉండే డేటాబేస్‌లో ఆ ఒక్క మార్పే చాలా స్విచింగ్‌ని తగ్గించగలదు. దీనికి డీబగ్ ఎఫ్ఎస్ అక్కర్లేదు, సర్వీస్ ఫైలులో ఒక లైను చాలు, అందుకే శాశ్వతంగా పెట్టుకోవడానికి నాకు ఇదే నచ్చుతుంది. 6.12లో ఇంకో వసతి వచ్చింది, అప్లికేషన్ తన స్లైస్ ఎంతుండాలో 0.1 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య తానే అడగవచ్చు. రాత్రి బ్యాకప్‌లకు పెద్ద స్లైస్ అడగండి.

ప్రశ్న: నేను ఫ్రీబీఎస్డీ (లైనక్స్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) వాడతాను. అందులో యూఎల్ఈ, 4బీఎస్డీ అని రెండు షెడ్యూలర్లుండి ఎంచుకునే వీలు ఏళ్ల క్రితమే ఉంది. లైనక్స్ ఇంతకాలం ఎందుకు ఇవ్వలేదు? (డల్లాస్)

ఫ్రీబీఎస్డీ చేసిన తీరు నాకు గౌరవం. జెఫ్ రోబర్‌సన్ రాసిన యూఎల్ఈని 2003 ప్రాంతంలోనే లోపలికి తెచ్చినా, వెంటనే అందరి మీదా రుద్దకుండా ఏళ్లపాటు సరిచేసి, 2009 జనవరిలో 7.1తో మామూలు పీసీలకు డిఫాల్ట్ చేశారు. పాతది కావాలనుకున్నవాళ్లు కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో ఒక లైను మార్చి బిల్డ్ చేసుకుంటే చాలు.

లైనక్స్‌లో షెడ్యూలర్లను మార్చి మార్చి పెట్టుకునే ప్యాచ్‌లు పాతకాలం నుంచీ ఉన్నాయి, లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. ఒక్కో పనికి ఒక్కో షెడ్యూలర్ ఉంటే ఎవరి గోల వాళ్లది అయిపోయి, అందరికీ పనికొచ్చే ఒక్కదాన్ని బాగుచేసేవాళ్లు ఉండరన్నది ఆయన వాదన. అందులో నిజముంది. కానీ దానికి ఒక మనిషి చెల్లించిన మూల్యం కూడా ఉంది, ఆయన పేరు కాన్ కోలివాస్. ఆస్ట్రేలియాలో మత్తు డాక్టరు, ప్రోగ్రామింగ్ ఆయన వృత్తి కాదు. మామూలు మనిషి ఇంట్లో వాడుకునే డెస్క్‌టాప్ తడబడకుండా ఉండాలని పట్టుబట్టి, అంచనాలేవీ లేకుండా అందరికీ సమానంగా పంచే షెడ్యూలర్ రాశాడు. 2007 ఏప్రిల్‌లో కెర్నల్ షెడ్యూలర్ బాధ్యత చూస్తున్న ఇంగో మోల్నార్ సీఎఫ్ఎస్‌ని ప్రకటించాడు, దాదాపు 62 గంటల్లో రాశానని చెప్పాడు, న్యాయంగా పంచడం సాధ్యమేనని చూపిన ఘనత కోలివాస్‌దేనని అందులోనే రాశాడు. లోపలికి వెళ్లింది మాత్రం సీఎఫ్ఎస్. అదే ఏడాది జులైలో కోలివాస్ కెర్నల్ పని మానేశాడు. 2009లో బీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్‌తో తిరిగొచ్చి, తర్వాత దాన్నే మక్స్‌గా మార్చి, 2021 వరకూ కెర్నల్ బయటే ఉంచి నడిపాడు. సాంకేతికంగా సీఎఫ్ఎస్ ఎంపిక సరైనదే కావచ్చు, అన్ని రకాల మెషీన్లకూ అది సరిపోయింది. అయినా సొంత సమయం పెట్టి పనిచేసిన మనిషిని అలా దూరం చేసుకోవడం లైనక్స్‌కి నష్టమేనని నా గట్టి అభిప్రాయం.

ఆ తలుపు చివరికి 2024లో తెరుచుకుంది. మెటా, గూగుల్ ఇంజనీర్లు పెంచిన షెడ్ ఎక్స్‌ట్ అనే ఏర్పాటు, చాలా వాదోపవాదాల తర్వాత, లైనస్ నిర్ణయంతో 6.12లో చేరింది. షెడ్యూలర్ని బీపీఎఫ్ (కెర్నల్ లోపల భద్రంగా నడిపే కోడ్) ప్రోగ్రామ్‌గా రాసి, రీబూట్ కూడా లేకుండా, నడుస్తున్న కెర్నల్‌లోకి ఎక్కించవచ్చు. మీరు ఫ్రీబీఎస్డీలో కెర్నల్ బిల్డ్ చేసి చేసే పని ఇక్కడ ఒక కమాండ్.

ప్రశ్న: షెడ్ ఎక్స్‌ట్ ఇంట్లో పెట్టి చూద్దామనుకుంటున్నాను. సిస్టమ్ హ్యాంగ్ అయిపోతే? (వరంగల్)

నిశ్చింతగా పెట్టి చూడండి, అయితే పాత ల్యాప్‌టాప్ మీద మొదలుపెట్టండి. కెర్నల్ 6.12 గానీ ఆ పైది గానీ ఉండాలి, సిస్ డైరెక్టరీలో కెర్నల్ కింద షెడ్ ఎక్స్‌ట్ ఫోల్డర్ కనబడాలి. లేకపోతే మీ డిస్ట్రో (ఉబుంటు లాంటి లైనక్స్ రకం) ఆ ఆప్షన్ లేకుండా బిల్డ్ చేసిందన్నమాట. సిద్ధంగా దొరికే షెడ్యూలర్లలో ల్యావ్‌డీ గేమ్‌లని దృష్టిలో పెట్టుకుని రాసింది, బీపీఎఫ్ ల్యాండ్ డెస్క్‌టాప్ స్పందన కోసం. రూట్‌గా టెర్మినల్‌లో నడిపితే చాలు, ఆ ఫోల్డర్‌లోని స్టేట్ ఫైలు ఎనేబుల్డ్ అంటుంది.

దాంట్లో లోపం ఉండి ఏదైనా ప్రాసెస్‌కి ముప్పై సెకన్ల పాటు వంతే రాకపోతే, కెర్నల్ లోపలి కాపలాదారు దాన్ని పీకేసి అన్ని పనుల్నీ డిఫాల్ట్ షెడ్యూలర్‌కి అప్పజెబుతాడు. ఆ ముప్పై సెకన్లు మౌస్ కదలకపోతే పవర్ బటన్ నొక్కేయకండి, ఆగండి. కీబోర్డు పనిచేస్తుంటే ఆల్ట్, సిస్‌రిక్యూ (ప్రింట్ స్క్రీన్ కీ), షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కినా అదే జరుగుతుంది, కొన్ని డిస్ట్రోలలో ఆ కీలు ముందే ఆపి ఉంటాయి కాబట్టి మొదలుపెట్టేముందు ఆన్ చేసుకోండి. మామూలుగా ఆపాలంటే ఆ టెర్మినల్‌లో కంట్రోల్ సీ కొడితే సరి, మరుక్షణం ఈఈవీడీఎఫ్ మీద ఉంటారు. చూసొచ్చాక పైన చెప్పిన షెడ్‌స్టాట్ రెండో అంకె ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది రాసి పంపండి, వచ్చినవాటిని ఇదే శీర్షికలో వేస్తాం.